చిట్టి కొన్న ఇల్లు

ఆ రోజు పొద్దున చిట్టి వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. బుడంకాయకు ఇంత తినిపించాలి. కిటికీలో ఎండ పక్కమేడ చాటుకు జారుకోకముందే మాస్టారి వర్క్‌షాపుకు చేరాలి. ఒకే ఒక్క ఫోటో తీసి ఆయన ఫోనుకు పంపాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి నానబెట్టిన బట్టలు ఉతుక్కోవాలి. చివరికి ఆ పథకంలో అనుకున్నట్టు జరిగింది బట్టలు నానడం ఒక్కటే.

బుడంకాయ చిట్టి కూతురు. ఈమధ్యే నడక నేర్చింది, మాటలింకా రాలేదు. చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టి చూస్తేగాని దాని సంగతి తేలదని ఆ పిల్లకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని చిట్టి ప్రాణం ఎప్పుడూ అరచేతిలోనే ఉంటుంది. పిల్ల తుమ్మితే కంగారు, తుమ్మకపోతే ఈరోజు ఎందుకు తుమ్మలేదా అని కంగారు. భర్త సిటీ బస్సు నడుపుతాడు. స్టీరింగు ముందు కూర్చోబోయేముందు ఫోను డిపోలో అప్పగించి వెళ్లాలి కాబట్టి పగటిపూట కంగారంతా చిట్టి ఒక్కదానిదే. సాయంత్రమైతేగాని అందులో అతనికి వాటా దక్కదు.

చిట్టి పనిచేసేది నాటకాలకు సెట్లు వేసే మాస్టారి దగ్గర. రంగస్థలం మీద అసలు గది కట్టేముందు మాస్టారు దాని నమూనా ఒకటి అట్టతో, పుల్లలతో, బట్టముక్కలతో చిన్నగా చేస్తారు. నాటకశాల కమిటీవాళ్లు ఆ నమూనా ఫోటో చూసి, నచ్చితేనే పని ఇస్తారు. మాస్టారి పనితనంలో వంక పెట్టడానికి ఏమీ ఉండదు. చొక్కా గుండీ గోడగడియారమైపోతుంది, టూత్‌పేస్టు మూత దీపానికి గొడుగైపోతుంది. వచ్చిన చిక్కల్లా ఫోటో దగ్గరే. ఆయన నమూనా మీదికి వంగి, నూతిలోకి తొంగిచూసినవాడిలా పైనుంచి, అదీ ఫ్లాష్ వేసి తీస్తారు. అంతఃపురం చేసి పంపితే గుడ్లు పెట్టుకునే అట్ట ఎందుకు పంపారని అడిగారు. ఓడరేవు చేసి పంపితే, చెప్పుల పెట్టె అందింది, లోపలి చెప్పులు అందలేదన్నారు.

అలా పని తప్పిపోయి తప్పిపోయి మాస్టారికి విసుగు పుట్టింది. ఈసారి కూడా కాదంటే వర్క్‌షాపుకు తాళం వేసి కూతురు దగ్గరికి పోతానని ప్రకటించేశారు. ఆ మాట విన్నప్పటినుంచీ చిట్టికి ముద్ద దిగడం లేదు. పని కోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు. చదువు మధ్యలో ఆగిందన్న సంగతి కొందరు పట్టించుకోలేదు గాని, పిల్లను ఎక్కడ వదిలి వస్తావని మాత్రం అందరూ అడిగారు. మాస్టారు ఒక్కరే ఆ ప్రశ్న వేయలేదు. ఆయన అడిగిందల్లా, "ఈ పిల్ల జిగురు తింటుందా?" అని. చిట్టి అబద్ధం చెప్పలేక, "తింటుంది మాస్టారూ" అంది. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇకనుంచి మైదాపిండి జిగురే వాడదాం" అన్నారు. అలాంటి చోటు మళ్లీ దొరకదు. అందుకే, ఈసారి ఫోటో నేను తీస్తానని చిట్టి నోరు తెరిచి అడిగింది.

ఫోటోలు తీయడం చిట్టికి మనుషులెవరూ నేర్పలేదు, బుడంకాయ ఒంటిమీది దద్దుర్లు నేర్పాయి. పసిపిల్లప్పుడు దానికి దద్దురు లేని రోజు ఉండేది కాదు. రోజూ ఎత్తుకుని పరిగెత్తుకు రానక్కర్లేదు, ఫోటో పంపు చాలు అని ఆస్పత్రి నర్సమ్మ అంది. మొదటి ఫోటోకు నర్సమ్మ నుంచి వచ్చిన జవాబు, "ఇది పిల్ల వీపా, గోడా?" అప్పటినుంచి చిట్టి పట్టుబట్టింది. ఫ్లాష్ వేస్తే దద్దురు మాయమైపోతుందని, కిటికీ పక్కన పడుకోబెడితే ఏటవాలుగా పడే వెలుతురులో ఎత్తుపల్లాలు కనిపిస్తాయని, అవతలివైపు తెల్ల తువ్వాలు పట్టుకుంటే నీడలు మెత్తబడతాయని, పై నుంచి కాక పిల్ల ఎత్తుకే దిగి తీయాలని ఒక్కొక్కటే తెలుసుకుంది. చివరికి ఒకరోజు నర్సమ్మే రాసింది, "ఇంత బాగా ఎవరూ తీయరమ్మా. ఇది దద్దురు కాదు, చీమ కుట్టింది" అని.

దద్దుర్లు తగ్గాక చిట్టి చూపు ఇంటి గోడలమీదికి మళ్లింది. వాళ్లు అద్దెకుండే వాటాలో కిటికీ కింద చెమ్మ. దానివల్లే పిల్లకు దగ్గని ఆమె అనుమానం. రకరకాల వెలుతుర్లలో ఆ చెమ్మను ఫోటో తీసి ఇంటి ఓనరుకు చూపించింది. ఓనరు వాటిని తిరగేసి, "ఫోటో బాగా వచ్చిందమ్మా" అని మెచ్చుకుని ఊరుకున్నాడు. మాస్టారు మాత్రం ఆ ఫోటో ముందు పెట్టుకుని, కొత్త నాటకం కోసం చేస్తున్న గదిలో కిటికీ కింద అచ్చం అలాంటి చెమ్మే రంగులతో వేశారు. మనుషులు కాపురముంటున్న ఇల్లంటే చెమ్మ లేకుండా ఎలా ఉంటుందని ఆయన వాదన.

ఆ పొద్దున చిట్టి వర్క్‌షాపుకు వెళ్లేసరికి నమూనా పొట్టి బల్లమీద సిద్ధంగా ఉంది. మామూలు సంసారుల హాలు, మూడు పక్కలా గోడలు, చూసేవాళ్లవైపు ఖాళీ. మాస్టారి పాత చొక్కా ముక్క తొడుక్కున్న సోఫా, అగ్గిపుల్లలంత పుస్తకాల అలమర, పెద్ద కిటికీ. చిట్టి బల్లను ఎండ పడేచోటికి జరిపింది. నేలమీద పడిన వెంట్రుక ఫోటోలో మోకుతాడులా కనిపిస్తుందని, బుడంకాయ తల దువ్వే మెత్తటి బ్రష్షుతో గదంతా ఊడ్చింది. ఎండకు అవతల తెల్ల తువ్వాలు నిలబెట్టింది. ఫోనును తలకిందులుగా తిప్పి, కెమెరా కన్ను గది నేలకు ఆనేలా పెట్టి, తను బల్ల ముందు మోకాళ్లమీద కూర్చుంది. ఆ గదిలో బొటనవేలంత మనిషి ఒకడు నిలబడి చూస్తే ఏం కనిపిస్తుందో అదే ఆమెకు కనిపించింది. ఊపిరి బిగబట్టి నొక్కింది.

"మొత్తానికి పూర్తయింది. కిటికీ వైపు వెలుతురు బాగా వచ్చింది. ఎలా ఉందో చూసి చెప్పండి" అని రాసి ఫోటో పంపించేసింది. పక్కగదిలోంచి మాస్టారు, నాకేమీ రాలేదమ్మాయ్ అన్నారు. సిగ్నల్ సరిగ్గా లేదేమో అనుకుని చిట్టి మళ్లీ పంపింది. ఈసారి వచ్చిందన్నారు. ఫోటోను ఆయన వేళ్లతో పెద్దది చేసుకుని మూలమూలా చూశారు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, "ఇది నేనే చేశానా?" అని అడిగారు. అక్కణ్నుంచి అది నాటకశాలకు వెళ్లిపోయింది. ఇక పని రాదేమోనన్న అనుమానం మాస్టారికి పూర్తిగా పోయింది. వడ్రంగికి కొలతలు రాసిద్దామని అప్పటికప్పుడు నమూనా గోడలు విప్పి బల్లమీద పరిచేశారు. బుడంకాయ నిద్రకు ఏడుస్తుంటే చిట్టి ఫోను నోరు నొక్కి సంచిలో పడేసి, పిల్లను భుజాన వేసుకుని జోకొట్టి, బల్ల చివర చాపమీద పడుకోబెట్టింది.

మొదటిసారి పంపిన ఫోటో సిగ్నల్ లేక ఆగిపోలేదు. బుడంకాయ నవ్వినా, ఏడ్చినా, కొత్త పన్ను వచ్చినా రోజూ ఫోటోలు పెట్టి పెట్టి అలవాటైన వేలు అలవాటైన చోటికే వెళ్లింది. అది నేరుగా అత్తగారింటివాళ్ల గ్రూపులో పడింది.

గ్రూపులో మొదట చూసింది తోడికోడలు. మొత్తానికి పూర్తయిందంటే రిజిస్ట్రేషనే అయ్యుంటుందని ఆవిడ తేల్చింది. చెప్పాపెట్టకుండా ఇల్లు కొనేశారే అని రాసి, కిటికీ ఎంత పెద్దదో అని ఇంకో మాట చేర్చింది. ఆడపడుచు సోఫాను పెద్దది చేసి చూసి, సోఫా కూడా కొత్తదేనని కనిపెట్టింది. బావగారు ఇంకా లోతుకు పోయి, కిటికీ కింద చెమ్మ పట్టేశాడు. తమ్ముడిని ఎవరో నిలువునా ముంచారని, ఇల్లు కొనేముందు ఓ మేస్త్రీకైనా చూపించుకోవద్దా అని వాపోయాడు. తలా ఒకసారి చిట్టికి ఫోను చేశారు, తలా రెండుసార్లు చిట్టి మొగుడికి చేశారు. ఒక ఫోను సంచిలో, ఇంకో ఫోను డిపోలో. ఇద్దరూ ఎత్తడం లేదంటే విషయం నిజమేనని అందరూ నమ్మారు.

అత్తగారు గ్రూపులో ఏమీ రాయలేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఎంత ప్రమాదమో ఆ కుటుంబంలో అందరికీ తెలుసు. కన్నకొడుకు ఇల్లు కొన్న సంగతి ఫోటో చూసి తెలుసుకోవాల్సి వచ్చిందని ఆవిడ కడుపు రగిలిపోయింది. అయినా ఆ కిటికీ అంత బోసిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారని కూడా ఆవిడకే తోచింది. కోపంగానే చెప్పులేసుకుంది, కోపంగానే బట్టలకొట్టుకు వెళ్లింది, కోపంగానే లేత పసుపురంగు కర్టెన్లు ఏరి ఏరి కొన్నది. దారిలో ఇంటి ఓనరుకు ఫోను చేసి, మావాళ్లు మీ ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారని అడిగింది.

ఓనరుకు అది పిడుగులాంటి వార్త. చెమ్మ గురించి అన్నిసార్లు మాట్లాడిన అమ్మాయి ఖాళీ చేసే సంగతి మాత్రం చెప్పలేదని రోషం వచ్చింది. రోషం చల్లారకముందే ఓ కొత్త జంటను వాటా చూడటానికి పిలిచేశాడు. అత్తగారు అక్కడికి చేరేసరికి ఆ జంట మెట్లమీద కూర్చుని ఉంది, తలుపుకు తాళం వేసి ఉంది, తలుపు కింద నుంచి సబ్బునీళ్ల వాసన వస్తోంది. తాళంచెవి కోడలి దగ్గర ఉంటుందని, కోడలు వెనకవీధి వర్క్‌షాపులో ఉంటుందని అత్తగారు చెప్పింది. జంటను అక్కడే ఉండమని, ఆవిడా ఓనరూ కర్టెన్ల సంచీతో సహా బయలుదేరారు.

వాళ్లు వీధి మలుపు తిరిగేలోగా వర్క్‌షాపులో ఇంకో అగ్గి రాజుకుంది. నాటకశాల మేనేజరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. ఆ మర్యాద వల్లే మామూలు మాటలు కూడా సంతాపం చెబుతున్నట్టు వినిపిస్తాయి. చిట్టి తీసిన ఫోటోను పెద్ద కాగితంమీద అచ్చువేయించి చేత్తో పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, మీమీద గౌరవం కొద్దీ ఫోన్లో అడక్కుండా నేనే వచ్చాను. ఈ ఇల్లు ఎవరిది?"

"నాటకంలో వాళ్లది" అన్నారు మాస్టారు.

"నేనడిగేది ఈ ఫోటోలో ఇంటి సంగతండీ."

"నేను చెబుతున్నదీ దాని సంగతే."

మేనేజరు నిట్టూర్చాడు. పోయినేడు ఒకాయన పత్రికలోంచి ఏదో బంగళా ఫోటో కత్తిరించి, తన నమూనా అని పంపాడట. సెట్టు కట్టమని బయానా ఇచ్చాక ఆయన ఇంతవరకూ ఎవరికీ కనిపించలేదట. అప్పటినుంచీ కమిటీ ఒక నియమం పెట్టుకుంది. నిజం ఇంటి ఫోటో పంపినవాళ్లకు ఇక జన్మలో పని ఇవ్వకూడదు. ఈ సాయంత్రమే కమిటీ కూర్చుంటుంది. ఫోటో చూడగానే అందరూ ఒకే మాటన్నారట, ఇది ఎవరో కాపురముంటున్న ఇల్లు, ఆ చెమ్మే సాక్ష్యం అని.

 మాస్టారు మేనేజరును బల్ల దగ్గరికి తీసుకువెళ్లి, ఇదిగో గోడ, ఇదిగో కిటికీ అని ముక్కలు చూపించారు. మేనేజరు ఒక ముక్కను వేళ్లమధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇది అట్ట అన్నాడు. అట్టేనన్నారు మాస్టారు. ఫోటోలో ఉన్నది గోడ కదా అన్నాడు మేనేజరు. ఫోటో చూసి ఆ కొలతలకు అట్టముక్కలు కోసుకోవడం ఎవరికైనా చేతనవుతుందని, అది కూడా సంతాపం చెబుతున్నంత మెత్తగానే అన్నాడు. చిట్టి లెక్క వేసుకుంది. తను ఫోటో తీయకపోతే మహా అయితే ఈసారి పని పోయేది. తీయడం వల్ల ఇక ఎప్పటికీ రాకుండా పోయేట్టుంది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో అత్తగారు నిలబడింది, వెనకాలే ఓనరు.

"ఏమ్మాయ్, ఇల్లు కొనుక్కుంటే ఏడ్చేదాన్నా నేను? చెబితే నా దిష్టి తగులుతుందనా?" అంటూ లోపలికి వచ్చి, మేనేజరు చేతిలో ఫోటో చూసి ఆగింది. మొహం విప్పారింది. "ఇదిగో, ఇదే. మావాడు కొన్న ఇల్లు."

మేనేజరు వినయంగా ఆవిడవైపు తిరిగాడు. "ఈ ఇల్లు మీ అబ్బాయిదా అమ్మా?"

"కాక ఇంకెవరిది? కిటికీ బోసిగా ఉందని కర్టెన్లు కూడా పట్టుకొచ్చాను" అని అత్తగారు సంచి తెరిచి చూపించింది.

"నాతో ఒక్క మాట కూడా అనకుండా కొన్నారండి" అని ఓనరు అందుకున్నాడు. "నా వాటా ఖాళీ చేస్తున్నారు. కావాలంటే ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను."

మేనేజరుకు అది చాలు. ఫోటోను జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మాస్టారు అత్తగారినీ ఓనరునూ మార్చి మార్చి చూసి, అంతమంది అంత గట్టిగా చెబుతుంటే తన చేతులమీదే తనకు నమ్మకం సడలి, చిట్టిని మెల్లిగా అడిగారు. "అమ్మాయ్, నువ్వు ఇల్లుగాని కొన్నావా?"

చిట్టి సంచిలోంచి ఫోను తీసి చూసింది. గ్రూపు తెరిచేసరికి జరిగిందంతా అర్థమైంది. అత్తయ్యా, ఆ ఇల్లు ఈ బల్లమీదే ఉందండీ అని చెప్పింది, ఎవరూ నమ్మలేదు. కోడలు ఏదో దాస్తోందని అత్తగారు, ఇదంతా కూడబలుక్కున్న నాటకమని మేనేజరు అనుకున్నారు. ఆయన గుమ్మంవైపు రెండడుగులు వేశాడు కూడా.

చిట్టికి ఒక గొంతు ఉంది. పిల్లకు జ్వరం పెరిగినప్పుడు తప్ప అది బయటికి రాదు. ఆ గొంతు వచ్చిన రాత్రి ఆమె మొగుడు కూడా కిక్కురుమనకుండా తడిగుడ్డలు అందిస్తాడు. ఇప్పుడు ఆ గొంతే వచ్చింది.

"మేనేజరుగారూ, కూర్చోండి. కుర్చీలో కాదు, కింద."

ఆయన ఎందుకో ఏమిటో తెలియకుండానే కూర్చున్నాడు. చిట్టి గోడలు నిలబెట్టి గుండుసూదులు గుచ్చింది. అలమర, గడియారం, దీపం వాటి వాటి చోట్లకు వచ్చాయి. అయితే ఎండ పక్కమేడ చాటుకు పోయి అప్పటికే చాలాసేపయింది. కిటికీ దగ్గర అంతా బూడిదరంగు మసక. ఆ మసకలో అట్ట అట్టలాగే కనిపిస్తోంది. చిట్టి చుట్టూ చూసింది. వీధి గుమ్మంలో మాత్రం ఎండ ఇంకా నిలబడే ఉంది.

"అత్తయ్యా, ఆ కర్టెన్ విప్పి ఎండలో పట్టుకోండి. ఓనరుగారూ, మీరు ఆ కొస పట్టుకోండి. ఇంకొంచెం కిందికి. కదలకండి."

అత్తగారికి కోడలు పని చెప్పడం అదే మొదటిసారి. అలవాటు లేని సంగతి కావడంతో ఎలా కాదనాలో ఆవిడకు తోచలేదు. ఇద్దరూ లేత పసుపు కర్టెన్‌ను చెరో కొసా పట్టి గుమ్మంలో నిలబడ్డారు. దానిమీద పడిన ఎండ తిరిగి వర్క్‌షాపులోకి వచ్చి, అట్టగది కిటికీలోంచి నేలమీద పరుచుకుంది. పొద్దుటికంటే బాగుంది. పొద్దున అది వట్టి ఎండ, ఇప్పుడు ఆదివారంనాటి ఎండలా ఉంది.

చిట్టి ఫోను తలకిందులుగా పెట్టి మేనేజరును తెరలోకి చూడమంది. ఆయన మోకాళ్లమీదికి, మోకాళ్లనుంచి మోచేతులమీదికి దిగి బల్ల అంచుకు గడ్డం ఆనించాడు. చూశాడు. కళ్లెత్తి బల్లమీది అట్టపెట్టెను చూశాడు. మళ్లీ తెరలోకి చూశాడు. ఆయన మొహంలో సంతాపం సగం తగ్గింది. కాని నాటకాలవాళ్ల మధ్య జీవితం గడిపినవాడు, అంత తేలిగ్గా లొంగలేదు. చంకలోని ఫోటో తీసి విప్పి, రెండూ పోల్చి చూశాడు.

"ఇందులో సోఫా ఉంది. అందులో లేదు" అన్నాడు.

నిజంగానే లేదు.  సోఫా ఎక్కడుందో చిట్టికి చూడకుండానే తెలిసిపోయింది. బల్ల చివర బుడంకాయ నిద్రలేచి నిలబడి ఉంది. పిడికిట్లో సోఫా, సోఫా ఒక మూల తడిగా ఉంది. లాక్కుందామని ముందుకు వస్తే అది నిమిషంలో నోట్లోకి, అక్కణ్నుంచి గొంతులోకి పోతుంది. మాస్టారు అప్పుడే చెయ్యి చాచారు. చిట్టి ఆయన చెయ్యి పట్టి ఆపింది. పిల్ల చేతిలోది లాక్కుంటే ఇవ్వదు, పెట్టే చోటు చూపిస్తే పెడుతుంది. ఇది కూడా దద్దుర్ల కాలంలో నేర్చుకున్న విద్యే.

"మేనేజరుగారూ, మీరు తెరలోంచి కళ్లు తీయకండి" అని, పిల్లవైపు తిరిగి గొంతు మార్చింది. "బుడంకాయా, కిటికీలో ఏముందో చూడు. హాలు ఉంది. సోఫా ఎక్కడ పెడదాం తల్లీ? పెట్టెయ్."

బుడంకాయ ఆలోచించింది. ఆ గదిలో ఊపిరి తీసుకుంటున్నది ఆ పిల్ల ఒక్కతే. తెరలో మేనేజరుకు ఎండపడుతున్న హాలు, గోడమీద గడియారం, కిటికీ కనిపిస్తున్నాయి. ఉన్నట్టుండి కిటికీ నిండా ఒక కన్ను వచ్చింది. కన్ను పోయి దాని చోటులో తలుపంత బొటనవేలు వచ్చింది. వెనకాలే బస్సంత చెయ్యి, జొల్లుతో నిగనిగలాడుతూ, కిటికీలోంచి హాలులోకి దూరి, సోఫాను గోడవారగా దించి, దాన్ని ఒకసారి తట్టి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

మేనేజరు ఉలిక్కిపడి వెనక్కి జరగబోయి వెనకున్న కుర్చీకి తల కొట్టుకున్నాడు. తలమీద చెయ్యి పెట్టుకుని కిందే కూర్చుండిపోయాడు. సంతాపం పూర్తిగా పోయిన మొహంతో ఆయన నవ్వడం మాస్టారు చూడటం అదే మొదలు. "అమ్మా, ఇంకొక్కసారి" అని ఆయన బుడంకాయను బతిమాలాడు.

కర్టెన్ వదిలేసి అత్తగారు వచ్చి మోకాళ్లమీద కూలబడింది. ఓనరు బోర్లా పడుకున్నాడు. వంతులవారీగా అందరూ తెరలోకి చూశారు. అత్తగారు ఎక్కువసేపు చూసింది. ఇల్లు లేదన్న బాధ ఆవిడ మొహంలో ఒక్క క్షణం తొంగిచూసింది. తర్వాత ఆవిడ తెరలోంచి తల తిప్పకుండానే, "ఇది చేసిందెవరు?" అని అడిగింది. గది నేను చేశానన్నారు మాస్టారు. "దాన్ని ఇల్లు చేసింది మీ కోడలు" అని కూడా అన్నారు.

సాయంత్రం కమిటీ ముందు చిట్టి ఫోనే మాట్లాడింది, చిట్టికి పెద్దగా పనిపడలేదు. నమూనా బల్లమీద పెట్టి, అందరినీ ఒకరి తర్వాత ఒకరిని కింద కూర్చోబెట్టింది. కూర్చున్నవాళ్లు లేవడానికే ఆలస్యమైంది. సెట్టు పని మాస్టారికి దక్కింది. అక్కడే ఉన్న దుస్తుల టైలరు, తను కుట్టిన రాజుల అంగీలు ఫోటోల్లో దుప్పట్లలా వస్తున్నాయని చిట్టిని పక్కకు పిలిచి మొరపెట్టుకున్నాడు. విగ్గులు చేసే ఆవిడ, తన విగ్గులు పిల్లుల్లా పడుతున్నాయంది. పోస్టర్లు వేసే చిత్రకారుడు, బొమ్మ వేయబోయేముందు మొహంమీద వెలుతురు ఎటునుంచి పడాలో నువ్వు చూసిపెట్టు చాలు అన్నాడు. చేతిలో ఎంత విద్య ఉన్నా అది పదిమందికీ ఎలా కనిపిస్తుందో చూసే కన్ను ఒకటి కావాలని ఎవరూ పైకి అనలేదు. అందరూ చిట్టి నంబరు మాత్రం రాసుకున్నారు. పిల్లను ఎక్కడ వదిలి వస్తావని ఆ రోజు ఒక్కరూ అడగలేదు. పైగా, పిల్లను తప్పకుండా తీసుకురమ్మన్నాడు మేనేజరు.

ఓనరుకు మాత్రం మెట్లమీద కూర్చున్న కొత్త జంట దక్కలేదు. అంతసేపు కూర్చోబెట్టినందుకు విసుగెత్తి వెళ్లిపోయారు. అయినా పైనున్న ఖాళీ వాటాకు నాలుగు ఫోటోలు తీసిపెట్టమని చిట్టిని అడిగాడు. గోడమీద చెమ్మ కనపడకుండా తియ్యగలవా అని గొంతు తగ్గించి అడిగాడు. చెమ్మ అందరికీ బాగా కనిపించే వెలుతురు ఏ పూట వస్తుందో కూడా తనకు తెలుసని చిట్టి చెప్పింది. మర్నాడు మేస్త్రీ వచ్చాడు, పై వాటాకూ కింది వాటాకూ కలిపి.

చిట్టి మొగుడికి ఇదంతా డిపోలో ఫోను చేతికొచ్చాక తెలిసింది. గ్రూపులో అతనికి అప్పటికే ఇల్లు వచ్చింది, ఇల్లు పోయింది, అన్నగారు తిట్టారు, మళ్లీ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి, నాకిందులో ఏమైనా పని మిగిల్చావా అని అడిగాడు. చిట్టి ఉదయం నుంచీ నానుతున్న బట్టలు చూపించింది.

నాటకం మొదలైన రోజున అత్తగారు ముందువరసలో కూర్చుంది. పక్కింటావిడను వెంటబెట్టుకుని వచ్చింది. తెర లేచింది. అట్టగది ఇప్పుడు నిజమైన గదంత అయింది. అదే సోఫా, అదే గడియారం, కిటికీ కింద అదే చెమ్మ. కిటికీకి లేత పసుపు కర్టెన్లు వేలాడుతున్నాయి. కమిటీవాళ్లు వేరేవి చూస్తామంటే అత్తగారు ఒప్పుకోలేదు. వాటిమీదుగా ఎండ నేలమీద పరుచుకుంది. ఆ ఎండ కోసం వెలిగించిన స్టేజీ దీపం ఎటువైపు పెట్టాలో చెప్పింది చిట్టే. హాలంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది, ఇంకా ఒక్క నటుడు కూడా రాకముందే. పక్కతలుపు దగ్గర బుడంకాయను ఎత్తుకుని నిలబడ్డ చిట్టికి, పిల్ల ఆ చప్పట్లకు జడుసుకుంటుందేమోనన్న కంగారు కూడా గుర్తు రాలేదు.

అత్తగారు పక్కింటావిడ చెవిదగ్గరికి వంగి, "మా కోడలి ఇల్లు" అంది.

పక్కింటావిడ ఇల్లంతా కలయజూసి, బాగుంది గాని మనవైపు గోడ ఎప్పుడు కట్టిస్తారని అడిగింది.